బాప్తిస్మపు తొట్టిలో నా పిడికిలి

గత వేసవిలో, వరంగల్‌లోని మా చర్చిలో నా మనవరాలు రూతుకు బాప్తిస్మం జరిగింది. సంఘపెద్దనైన నేను, ఎప్పటివలెనే, పాస్టరు గారితో పాటు తొట్టిలోకి దిగి ఆమె చేయి పట్టుకున్నాను. ఆరాధనలో క్రమం తప్పితే సహించని మనిషిని నేను.

ఆమె తల నీటిలో మునగగానే నాకు చర్చి కనిపించలేదు. అంతకుముందటి వానాకాలంలో, మా కాలనీని ముంచెత్తిన వరదలో నా చేతినుండి జారిపోయిన నా భార్య ముఖమే కనిపించింది.

"ఇడువకుండ్రి! కొట్టుకపోతాంది!" అని అరుస్తూ పాస్టరు గారిని నెట్టివేసి, రూతును పైకి లాగాను. పాట ఆగిపోయింది.

"తాతా, నేను రూతును! నీళ్లు నడుము దాకనే ఉన్నయి, జర చూడు. చెయ్యి నొస్తాంది తాతా!" అని ఆమె ఏడ్చింది. మాట అర్థమైనా నా వేళ్లు విడలేదు. చివరకు పాస్టరు గారే వాటిని ఒక్కొక్కటిగా విప్పారు.

ఇది పిరికితనం కాదనీ, ఘోరాన్ని అనుభవించిన మనసుకు మిగిలే జబ్బనీ, వరద తరువాత ఇటువంటివారు ఎందరో వస్తున్నారనీ దవాఖానలో డాక్టరు చెప్పారు. మందులు వాడుతున్నాను. అయినా బిందె నిండే చప్పుడుకే ఈనాటికీ నా పిడికిలి బిగుసుకుంటుంది. దీనినుండి బయటపడినవారు పాఠకులలో ఎవరైనా ఉంటే, దయచేసి నాకు దారి తెలుపవలసిందిగా వేడుకొంటున్నాను.