పెద్దమ్మ నంద్యాల ప్రయాణాలు

నంద్యాలలో మా ఆఫీసు కింద ఉన్న కర్రీ పాయింటులో పొద్దున్నే భక్ష్యాలు, అదే బొబ్బట్లు, కాలుస్తారు. నేతిలో కాలుతున్న బెల్లం వాసన మెట్లెక్కి పైకొస్తే మా పెద్దమ్మ సుబ్బలక్ష్మమ్మ గుర్తొస్తుంది. తల దానంతటదే వంగిపోతుంది.

ఆళ్లగడ్డలో పెదనాయన ఇంట్లో ఉండి నేను డిగ్రీ చదువుకున్నాను. ఒకప్పుడు బాగా భూములున్న ఇల్లు. నేను వెళ్లేసరికి మిగిలిన కాస్త చేనూ కౌలుకిచ్చేశారు. అయినా పెదనాయన గంజిపెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని రోజంతా వీధరుగు మీద కూర్చునేవాడు. దారినపోయేవాళ్లు నమస్కారం పెడితే తలూపేవాడు. అలా ఖాళీగా కూర్చోగలగడమే ఆ ఇంటి గొప్ప. "మన ఇంట్లో ఒకరి కింద పనికి పోయినోళ్లు లేరప్పా" అనేవాడు నాతో. నేనూ కాలేజీలో అదే చెప్పుకు తిరిగాను. పెద్దమ్మ మాత్రం మంచి చీర కట్టుకుని తరచూ నంద్యాల బస్సెక్కేది. చెల్లెలికి ఒంట్లో బాగాలేదనేది.

ఆమె అలా వెళ్లిన ఒకరోజు, ఆమె బయల్దేరాక పిలుపు అందితే, పెదనాయన, నేను నంద్యాలలో ఆయన స్నేహితుడి ఇంటి పెళ్లికి వెళ్లాం. మమ్మల్ని పెద్దమనుషుల వరుసలో కూర్చోబెట్టారు. వంటశాల నుంచి ఒకామె వేడి భక్ష్యాల పళ్లెం తెచ్చింది. పెద్దమ్మే. వెలిసిన నూలుచీర, మోచేతుల దాకా పిండి. ఎవరి పెళ్లో వంటమేస్త్రీ ఆమెకు చెప్పలేదట. సరిగ్గా అప్పుడే పక్కనున్నాయన, "వదిన రాలేదా అన్నా?" అని అడిగాడు.

పెదనాయన ఆకులోంచి తలెత్తలేదు. "ఊర్లోనే ఉండాది" అన్నాడు.

పెద్దమ్మ ఆయన ఆకులో ఒక భక్ష్యం వేసింది. తర్వాత నా ముందు ఆగింది. నేను అన్నం కలుపుతూనే ఉన్నాను.

తిరుగు బస్సులో ముగ్గురం ఉన్నాం. బస్సు ఊరు దాటాక పెదనాయన, "ఎప్పట్నుంచి?" అన్నాడు.

"చేను కౌలుకిచ్చినప్పట్నుంచి. ఇల్లు దేంతో నడుస్తాందనుకుంటివి?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్నా పెద్దమ్మా అంటావనుకుంటి నాయనా" అంది. ఆ గొంతులో కోపం లేదు.

ఆమె పనికి పోవడం మానలేదు. తర్వాత ఒక పొద్దున ఆమె బయల్దేరుతుంటే పెదనాయన అరుగు మీంచి లేచి ఆమె సంచి అందుకున్నాడు. వీధి వీధంతా చూస్తుండగా బస్టాండుకు నడిచాడు. టీ అంగడి దగ్గర ఎవరో, "యాడికన్నా?" అన్నారు.

"మీ వదిన పనికి పోతాంది. బస్సెక్కించను పోతాండా."

ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో వెనకే నడుస్తున్న నాకు తెలుసు. ఆ తర్వాత నేనూ పదిమందిలో ఎన్నోసార్లు ఆమెను పెద్దమ్మా అని పిలిచాను. పిలిచిన ప్రతిసారీ పలికింది. ఇప్పుడామె లేదు. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్ల ముఖం చూడందే నాకు ముద్ద దిగదు. అయినా ఆ రోజు నా ఆకు ముందు ఆమె ఆగిన ఆ కాసేపు ఏం చేసినా చెరగడం లేదు.