అమ్మ తల ఊపిన రోజు

నా చిన్నప్పుడు నేను బడికి వెళ్ళిన రోజులకంటే బడి నా దగ్గరికి వచ్చిన రోజులే ఎక్కువ. కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె బలహీనపడిందని, పరుగులూ మెట్లూ కూడదని డాక్టర్లు చెప్పారు. మా నాన్నగారూ డాక్టరే కాబట్టి ఆ మాట మా ఇంట్లో వేదవాక్కు అయిపోయింది. అప్పుడు మేము షికాగో నగరంలో, లిఫ్టు లేని ఒక పాత ఇటుకల భవనంలో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. పొద్దున లెక్కలూ తెలుగూ అమ్మ వంటింట్లో కూరలు తరుగుతూ చెప్పేది. భోజనాలయ్యాక ఇంగ్లీషు ఎదురింటి ఆంటీ దగ్గర. మా తలుపు తీసుకుని ఆవిడ తలుపు తడితే చాలు, అదే నా బడి.

ఆంటీ నల్లజాతి మనిషి. ఏళ్ళ తరబడి బడిలో పాఠాలు చెప్పి అప్పటికి రిటైరైంది. పొడుగ్గా, నిటారుగా ఉండేది. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు తెల్లటి టోపీ పెట్టుకుని మెట్లు దిగుతుంటే నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. అమ్మ పులిహోర కలిపినప్పుడు ఒక గిన్నె అటు వెళ్ళేది, ఆవిడ మొక్కజొన్న రొట్టె చేసినప్పుడు ఒక ముక్క ఇటు వచ్చేది. తన బైబిలు తెరిచి కీర్తనలు చదివించి నాకు ఇంగ్లీషు నేర్పింది. ఇంటికొచ్చి అవే అమ్మకు వినిపిస్తే అమ్మ కళ్ళు మూసుకుని వినేది. ఆవిడ దేవుడూ మా దేవుడూ వేరని నాకు చాలా పెద్దయ్యేదాకా తెలియదు. ఈనాడు నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ తల్లి చలవే.

ఆవిడ చెల్లెలి కొడుకు శనివారాలు వచ్చి ఆంటీకి సరుకులు మోసి పెట్టేవాడు. పనిలో పనిగా మా బియ్యం బస్తా కూడా పైకి తెచ్చేవాడు. నన్ను ప్రొఫెసర్ అని పిలిచేవాడు. ఒకనాటి సాయంత్రం వేరే పేటలో కారు ఆగిపోతే, సాయం అడుగుదామని ఒక ఇంటి తలుపు తట్టాడు. లోపలున్న తెల్లాయన తుపాకీ తీసుకుని తలుపు తీశాడు. కాల్చి చంపేసి, భయమేసి కాల్చానన్నాడు. ఆ అబ్బాయి చేతిలో కారు తాళాలు తప్ప ఏమీ లేవు.

ఆ తర్వాత కోర్టులో విచారణ సాగినన్నాళ్ళూ ఊళ్ళో అందరి నోటా అదే మాట. శనివారం మా తెలుగువాళ్ళు ఎవరింట్లో భోజనాలకు కలిసినా, పెరుగన్నం దాకా వచ్చేసరికి ఎవరో ఒకరు ఆ ఊసు ఎత్తేవారు. అన్యాయం అనేవారు కొందరు. చీకటిపడే వేళ ఆ పేటకు ఎందుకు వెళ్ళాలండీ అనేవారు కొందరు. చివరికి అందరూ కలిసే మాట ఒకటే, మనకెందుకొచ్చిన గొడవ. అమ్మ ఏమీ అనేది కాదు. ఇంటికొచ్చాక దీపం ముందు కూర్చుని ఆ అబ్బాయి పేరు కూడా తలుచుకునేది.

తీర్పు ఒక మధ్యాహ్నం వచ్చింది. అన్నం తిని పుస్తకం పట్టుకుని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆంటీ రేడియో గొంతు తలుపు సందులోంచి వినిపిస్తోంది, మా వంటింటి రేడియోలోనూ అదే గొంతు. ఆ తెల్లాయన నేరం చేయలేదని తేల్చారు. మా రేడియోను అమ్మ వెంటనే కట్టేసింది. ఎదురింటి రేడియో మాట్లాడుతూనే ఉంది. ఆంటీ ఏడుస్తుందేమోనని చెవి ఒగ్గి విన్నాను. ఏ చప్పుడూ లేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

కాసేపటికి వీధి లేచింది. మలుపులో ఉన్న చర్చి దగ్గర జనం పోగయ్యారు, పాటో ఏడుపో తెలియని శబ్దం ఒకటి అక్కడినుంచి వచ్చింది. దానికి ఎదురుగా ఉన్న బారులోంచి చప్పట్లు, నవ్వులు. ఒక కారు కావాలని హారను మోగించుకుంటూ ఆ రెంటి మధ్యా తిరిగింది. ఎక్కడో అద్దం పగిలింది. కింద బట్టల కొట్టువాళ్ళు చెక్కలు తెచ్చి కిటికీలకు మేకులు కొట్టడం మొదలుపెట్టారు. ఆ దెబ్బలు మా ఇంటి నేలదాకా తెలిశాయి. అమ్మ నా మంచం కిటికీ దగ్గరనుంచి లోపలి గోడకు జరిపి పరదాలు లాగేసింది. పట్టపగలు ఇల్లంతా చీకటి.

నాన్నగారు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. రోడ్లు మూసేశారట, ఎప్పటికి రాగలరో తెలియదట. ఎవరొచ్చినా తలుపు తీయొద్దని గట్టిగా చెప్పారు. ఆయన పెట్టేసిన వెంటనే మా తెలుగువాళ్ళలో ఒక పెద్దాయన చేశారు. ధైర్యం చెబుదామనే చేశారు పాపం. అమ్మ ఫోను నా చెవికి కూడా దగ్గరగా పెట్టుకుంది కాబట్టి నాకూ వినిపించింది.

"మనం వాళ్ళూ కాదు, వీళ్ళూ కాదమ్మా. గోడమీద పిల్లిలా కూర్చోవడమే మనకు క్షేమం."

అమ్మ సరే అన్నయ్యగారూ అని పెట్టేసింది. పిల్లికి గోడమీద చోటుంటుంది కాబోలు. మాకు ఉన్నవి రెండు గదులు, ఒక తలుపు.

ఆ తలుపే ఎవరో తట్టారు. బయటి గొంతు గుర్తుపట్టి అమ్మ తీసింది. కింది అంతస్తులో ఉండే పెద్దాయన. తెల్లాయన, రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, భార్య పోయింది. ఆయన గురించి నేను న్యాయంగా చెప్పాలి. అంతకుముందు చలికాలం ఒక రోజు మంచు కురుస్తుండగా నాకు ఊపిరి ఆడలేదు. నాన్నగారు డ్యూటీలో ఉన్నారు. ఈయనే నన్ను దుప్పట్లో చుట్టి, మెట్లన్నీ మోసుకుని దిగి, తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను బతికి ఉండటంలో ఆ చేతులకూ పాలుంది. అమ్మ ఆయనను చూస్తే దేవుణ్ణి చూసినట్టు చేతులు జోడించేది.

ఆ రోజు ఆయన తలుపు కింద అడ్డం పెట్టుకోవడానికి ఒక చెక్క చెక్కి తెచ్చారు. దాన్ని ఎలా బిగించాలో వంగి చూపించారు. తర్వాత నిలబడి, మంచి మనసుతోనే, ఎదురింటికి వినబడేంత గట్టిగా అన్నారు.

"మీరు వాళ్ళలాంటివాళ్ళు కాదమ్మా, మంచివాళ్ళు. ఇవాళ న్యాయం జరిగింది. మనం మనం ఒకటిగా ఉండాలి, ఏమంటావు?"

అమ్మ చిరునవ్వు నవ్వి, థాంక్యూ అని, తల ఊపింది.

మన ఊపు ఎలా ఉంటుందో మనకు తెలుసు. నిలువుగా కాదు, అడ్డంగా కాదు, ఒక చెవినుంచి ఇంకో చెవికి తూగుతుంది. దానికి మనలో సవాలక్ష అర్థాలు. విన్నాను అని, మీరు పెద్దవారు అని, ఇక వెళ్ళిరండి అని. అమ్మ ఆ మూడూ కలిపే ఊపి ఉంటుంది. కాని ఎదురింటి తలుపు ఓరగా తెరిచి ఉంది. మెట్లమీద అడుగులు విని తనకోసం ఎవరో వచ్చారనుకుందేమో, ఆంటీ ఆ సందులో నిలబడి ఉంది. అమ్మ తల అలా ఊగితే దానికి అర్థం ఏమిటని మునుపు ఒకసారి ఆవిడ నన్ను అడిగితే, ఎస్ అని అర్థం అని నేనే చెప్పాను.

ఆ తలుపు మెల్లగా మూసుకుంది. లోపల గొలుసు పడిన చప్పుడు వినిపించింది. ఆ తలుపుకు గొలుసు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

పెద్దాయన దిగిపోయారు. అమ్మ ఆ చెక్క చేతిలో పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయింది. రేపటినుంచి నాకు పాఠం ఉండదా అని అడిగాను. పిల్లలకు వాళ్ళ గోలే వాళ్ళది. అమ్మ దేవుడి అలమర ముందు కూర్చుంది. దీపం వెలిగించబోయి, అగ్గిపుల్ల గీసి, ఆర్పేసింది. బయట హారను మోగుతోంది, కింద మేకులు దిగుతున్నాయి. లోపల గాలి అయిపోతున్నట్టు ఉంది. నాకు ఊపిరాడని రోజుల్లో అలాగే ఉండేది. ఈసారి అమ్మకు కూడా ఆడటం లేదని ఆమె వీపు చూస్తే తెలిసింది.

చివరికి లేచి, నాన్నగారి మాట కాదని, మళ్ళీ తలుపు తీసింది. ఎదురింటి తలుపు తట్టింది. చాలాసేపటికి అది గొలుసు ఇచ్చినంత మేర తెరుచుకుంది. సందులో ఆంటీ ముఖం సగమే కనిపించింది. అమ్మకు ఇంగ్లీషు అంతంత మాత్రం. చేత్తో తన తల చూపించుకుంటూ, వచ్చిన నాలుగు మాటలూ కూడగట్టుకుని అంది.

"మై హెడ్ సెడ్. నాట్ మీ."

ఇంకెవరైనా అయితే నవ్వేవారు. ఆంటీ నవ్వలేదు. అమ్మను అలా చూస్తూ ఉండి, అలసిపోయిన గొంతుతో, కోపం కూడా లేకుండా చెప్పింది.

"నాకు చెప్పి ఏం లాభం? నీ తల ఊపింది ఆయనకు. ఆయనకు చెప్పు."

తలుపు మూసుకుంది.

అమ్మ లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది. నాతో అనలేదు, తనలో తనే అనుకుంది. ఆయన నా బిడ్డను మోశాడు, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడను అని. మళ్ళీ ఏ మంచు రాత్రో పిల్లకు ఊపిరాడకపోతే ఎవరిని పిలవను అని. ఇదంతా ఇప్పుడు నాకు అర్థమవుతుంది. అటు చూస్తే నాకు చదువు చెప్పిన చేయి, ఇటు చూస్తే నన్ను బతికించిన చేయి. రెండింటికీ దండం పెట్టేసి తలుపు వేసుకుని కూర్చోవచ్చు. చాలామందిమి అదే చేశాం.

అమ్మ పైట బొడ్లో దోపుకుంది. నన్ను ఒంటరిగా వదలలేదు, మెట్లు దిగనివ్వనూ లేదు. అప్పటికి ఎనిమిదేళ్ళు నిండినా పుల్లలా ఉండేదాన్ని. చంకనెత్తుకుని, రెండో చేత్తో ఆ చెక్క పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ దిగింది. పెద్దాయన తలుపు తీసి, ముందు నా ముఖం చూసి కంగారుపడ్డారు. పాపకు ఏమైంది, కారు తీయనా అన్నారు. ఆ మాట ఆయన అనకుండా ఉంటే అమ్మకు కొంచెం సులువయ్యేదేమో.

అమ్మ తన ఇంగ్లీషులో, తప్పులతో, ఆగి ఆగి చెప్పింది. నా బిడ్డను మీరు మోశారు, చచ్చేదాకా మరిచిపోను. కాని మీరు పైన అన్నదానికి నేను ఎస్ అనలేదు. నా తల మర్యాద చేసింది. ఆ అబ్బాయి మా బియ్యం మోశాడు, అతనూ మా ఇంటి పిల్లవాడే. ఇవాళ జరిగింది న్యాయం కాదు. ఇంత చెప్పి, చెక్కను ఆయన గుమ్మం లోపల పెట్టింది.

ఆయన ముఖం ఎర్రబడింది. "నీ మంచికోరి చెప్పానమ్మా" అన్నారు. తెలుసు, అంది అమ్మ. ఆయన తలుపు వేసుకున్నారు, విసురుగా కాదు, మెల్లగానే.

అమ్మ నన్ను మోసుకుని తిరిగి మెట్లెక్కింది. మధ్య మలుపులో గోడకు ఆనుకుని ఆగింది. పైనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. ఆంటీ రెయిలింగ్ పట్టుకుని దిగి వచ్చింది. అంతా విన్నదని ఆవిడ కళ్ళే చెప్పాయి. నన్ను అమ్మ చంకలోంచి తీసుకుని తన భుజాన వేసుకుని పైకి నడిచింది. వెనక అమ్మ ఉత్త చేతులతో వచ్చింది. ఆంటీ ఇంట్లో మేము చాలాసేపు కూర్చున్నాం. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. రేడియో కట్టేసి ఉంది, వీధి మాత్రం అరుస్తూనే ఉంది.

ఆ తర్వాత అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను. తీర్పు మారలేదు. ఆంటీ పాఠాలు మళ్ళీ మొదలుపెట్టింది కాని, ఆ గొలుసు వేసుకోవడం మాత్రం మానలేదు. నేను తట్టినప్పుడల్లా అది తీసిన చప్పుడు వినిపించేది. నాన్నగారు ఆ రోజు జరిగింది విని, ఆపదలో ఆదుకునే ఒక్క దిక్కునూ పోగొట్టావే అని అమ్మమీద విసుక్కున్నారు. కింది పెద్దాయన మాతో మాటలు మానేశారు. మెట్లమీద ఎదురైతే అమ్మ చేతులు జోడించేది, ఆయన తల తిప్పుకునేవారు. ఆయన తిప్పుకున్నా అమ్మ జోడించడం మానలేదు. ఆయన ఆయురారోగ్యాలకోసం మొక్కుకోవడమూ మానలేదు. చేసిన మేలుకు దండం పెట్టాలి, అన్న ప్రతి మాటకూ తల ఊపక్కర్లేదు అని నాకు ఒక్కసారే చెప్పింది.

ఇప్పుడు నేను షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో ఉంటున్నాను. ఇక్కడ అంతా పచ్చగా, ప్రశాంతంగా ఉంటుంది. దేవుడు నాకు ఏ లోటూ చేయలేదు. అయినా ఏదో ఒక ఊళ్ళో ఏదో ఒక తీర్పు వస్తూనే ఉంటుంది. మొన్నామధ్య అలాంటిదే వచ్చినప్పుడు, తెలిసినవారింట్లో వ్రతం చేసుకుని ప్రసాదం తింటున్నాం. నా ఆపరేషనప్పుడు వారాల తరబడి క్యారియర్ పంపిన ఇంటి పెద్దాయన, నన్ను చూసి నవ్వుతూ, వాళ్ళ పిల్లల్ని వాళ్ళు సరిగా పెంచుకుంటే ఇవన్నీ ఎందుకండీ, అంతేగదమ్మా అన్నారు. నా తల అప్పుడే ఒక పక్కకు ఒరగబోయింది. పట్టుకుని ఆపుకున్నాను.

"అంతే కాదు అన్నయ్యగారూ" అన్నాను. మిగతాది కూడా చెప్పాను.

నా గొంతు వణికింది. ఇంత వయసు వచ్చినా, ఎన్నిసార్లు చెప్పినా వణుకుతూనే ఉంది. దానికి నేను సిగ్గుపడను. ఆ రోజు పెద్దాయన గుమ్మంలో అమ్మ గొంతు నిలకడగా ఉన్నట్టే ఆయనకు వినిపించి ఉంటుంది. నేను ఆమె గుండెకు అంటుకుని ఉన్నాను కాబట్టి, లోపల అది ఎంత వణికిందో నాకు ఒంటితో తెలుసు.