గురగుర

"కొనేవాళ్ళు వచ్చేశారు. మళ్ళీ ఈ రేడియో గురగురమంటే నా ఉద్యోగం ఊడుతుందమ్మా!" అన్నాడు మేనేజర్. మేమంతా ట్యూనర్ అక్క అని పిలిచే మా ఇంజనీరు తలెత్తలేదు, అలవాటుగా కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మీ సర్క్యూటే కదా సార్, మీకు తెలియందా?" అంది. స్టేషన్లు పట్టే రేడియో ట్యూనర్‌ని డిజిటల్ రిసీవర్ బోర్డులోనే ఇమిడ్చింది ఆమె. మేనేజర్ ఆ డిజైన్ మీద ఆమె పేరు కొట్టేసి తన పేరు వేసుకున్నాడు. బోర్డు చిన్నదవుతుందని, ఆమె వద్దన్నా వినకుండా, క్షణం ఊరుకోకుండా సిగ్నళ్ళు చిమ్మే క్లాక్ సర్క్యూట్‌ని ట్యూనర్ పక్కకు జరిపించాడు. కొనేవాళ్ళ ముందు స్విచ్ వేయగానే పాటకు బదులు గురగుర మొదలైంది. అక్క మాత్రం టీ చప్పరిస్తూ, మంచి పాట వింటున్నట్టు తలూపింది.

"అసలు తప్పెక్కడక్కా?" అని తర్వాత అడిగాను.

"గోల చేసేదాన్ని వినేదాని పక్కన పెట్టకూడదు."

ఆ సాయంత్రమే మా పాప ఉయ్యాల పక్కనుంచి టీవీ తీసేశాను.