ఎర్ర ట్యాగు తీసేదాకా

మా బావ యర్రయ్యకు చేతిలో పని ఉంటే అన్నం గుర్తుండదు, పని లేకపోతే అన్నం సయించదు. మా అక్క పార్వతమ్మ పెళ్లయిన కొత్తలోనే ఈ సంగతి కనిపెట్టి, ఆయన్ను మార్చే ప్రయత్నం మానేసింది. భిలాయి ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు ఎలక్ట్రీషియనుగానే ఆయన వయసంతా గడిచింది. కాంట్రాక్టర్లు మారారు గానీ ఆయన మారలేదు. రోలింగ్ మిల్లులో నెత్తి మీద తిరిగే క్రేన్ల మోటార్లు మా బావ చెయ్యి పడనిదే కదలవని నా నమ్మకం. బావమరిదిని కదా, ఆ మాట ఆయన ఎదుట మాత్రం ఎప్పుడూ అనలేదు. "నీకన్నా సుపేలాలో మా కొట్టు ముందు ఫ్యాన్లు బాగుచేసేవాడు నయం బావా" అని ఏడిపించేవాణ్ణి.

ఆయనకు అప్పన్న స్వామి మీద ఎంత భక్తో, ఎర్ర ట్యాగు మీద అంత భక్తి. మోటారు మీద ఎవరైనా పని చేస్తుంటే దాని స్విచ్చికి ఎర్ర ట్యాగు కడతారు. కట్టినవాడే దాన్ని విప్పాలి. ఇంకొకడు ముట్టుకోకూడదు. 'ఇంకెంతసేపు' అని అడగనూ కూడదు, అడిగితే పైనున్నవాడు తొందరపడతాడు. కుర్రతనంలో కుమ్హారి దగ్గర ఏదో చిన్న ఫ్యాక్టరీలో చేస్తున్నప్పుడు, ఒకడు ఓపిక పట్టలేక వేరేవాడి ట్యాగు విప్పి స్విచ్చి వేశాడు. పైన తీగలు పట్టుకుని ఉన్న చిట్టిబాబు బావకు ప్రాణస్నేహితుడు. కిందికి దించేసరికి ప్రాణం లేదు. అప్పటి నుంచి ఎర్ర రంగు కనబడితే బావ చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది.

ఇప్పటి కాంట్రాక్టరు భుజంగరావు మా శ్రీకాకుళం వైపు మనిషే. పవర్‌హౌస్ బజారులో ఆఫీసు. ఏటా గేటు పాసు కొత్తది చేయించాలంటే మనుషులు అక్కడ వరస కట్టేవారు. ఈ ఏడు ఆ పనంతా వెబ్‌సైటులో పెట్టారు. ఎవరి వివరాలు వాళ్లు ఫోనులో నింపాలి. గడువు లోపల నింపకపోతే పాసు ఉండదు, పాసు లేకపోతే పనీ లేదు. ఆ వెబ్‌సైటు కట్టింది ఎవరో కాదు, మా అమ్మాయి రోహిణి. స్మృతి నగర్‌లో ఒక చిన్న కంపెనీలో చేస్తుంది. మేనకోడలు కట్టిన పని అని మా బావ తాముండే ఖుర్సీపార్ బస్తీ అంతా చెప్పుకు తిరిగాడు.

తక్కినవాళ్లకు కొడుకులో అల్లుళ్లో నింపిపెట్టారు. అక్కకూ బావకూ పిల్లలు లేరు. అయినా తన పని ఇంకొకరి చేత చేయించుకునే రకమా ఆయన? కళ్లజోడు తుడుచుకుని తనే కూర్చున్నాడు. పేజీ తెరవగానే పైనుంచి కిందిదాకా ఎర్రటి రాతలు, అన్నీ ఇంగ్లీషులో. ఇంకా ఒక్క అక్షరం రాయలేదు. ఫోను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"ఏటైంది?" అంది అక్క.

"రోహిణి ఇంకా పని సేత్తంది. ఎర్రది తియ్యనేదు. తీసినాక రాత్తాను."

"పోనీ దాన్నే అడగరాదా?"

"పిల్లని తొందరపెట్టకే. అదే తీత్తాది."

రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్లేముందు తెరిచి చూసేవాడు. ఎర్రగానే ఉండేది. మూసేసేవాడు. ఒకసారి నేనే అడిగాను, పాసు సంగతి ఏమైందని. "అవుతాదిలేరా అప్పలకొండా, ఫికర్ మత్ కర్" అన్నాడు. ఆ గొంతులో అంత ధీమా ఉంటే ఎవడు మాత్రం రెండోసారి అడుగుతాడు?

గడువు దాటిన మర్నాడు గేటు దగ్గర మిషను ఆయన పాసు తీసుకోలేదు. వెనక మనుషులు ఆగిపోయారు. "చాచా, సైడ్ హో జావో" అన్నాడు సెక్యూరిటీ కుర్రాడు. సైకిలు తిప్పుకుని, దాన్ని ఎక్కకుండా నడిపించుకుంటూ ఇంటికొచ్చాడట.

భుజంగరావు దగ్గరికి నేనే పరిగెత్తాను. టీ ఇప్పించాడు. "లిస్టు ఎల్లిపోయింది బాబూ. ఆ జాగాలో వేరే మనిషిని ఎక్కించేసేరు. ఈ వయసులో యర్రయ్య మాత్రం ఇంకెన్నాళ్లు ఎక్కుతాడు క్రేను? ఆరామ్ సే ఇంటి కాడ ఉండమను." ఆరామట! పని లేకపోతే ముద్ద దిగని మనిషికి. ఆ టీ అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంటికొచ్చి కోపమంతా రోహిణి మీద కుమ్మరించాను. అది తల వంచుకుని చెప్పింది.

"పాత లిస్టులోంచి పేర్లు ముందే నింపి పెట్టాను నాన్నా. దాంతో పేజీని నడిపే ఫ్రేమ్‌వర్క్, మనిషి నింపి పంపేశాడు అనుకుంది. ఖాళీ ఉన్నవాటి కింద ఎర్రర్లు మొదటే చూపించేసింది. దిఖా థా, నేను చూశాను. ఆఫీసులో చెప్పాను. 'చల్తా హై, నింపితే పోతాయి కదా' అన్నారు. నేనూ వదిలేశాను. మామయ్య నన్ను ఒక్క ఫోన్ చేసుంటే..."

ఫోను చెయ్యకపోవడం ఆయన దాని మీద చూపిన ప్రేమ అని ఎలా చెప్పను? చెప్పాను. పిల్ల రెండు రోజులు గది తలుపు తియ్యలేదు.

మూడో నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని ఖుర్సీపార్ బయల్దేరితే వెంట వెళ్లాను. బావ గోడకు చేరగిలబడి ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. అక్క పెట్టిన కంచం పక్కనే ఉంది, కలిపిన అన్నం కలిపినట్టే.

"మామయ్యా, గల్తీ నాదే. సరిచేశాను. ఒకసారి చూస్తారా?"

ఇప్పుడు పేజీ తెల్లగా ఉంది. ఏ గడినైనా ఖాళీగా వదిలి ముందుకు వెళితేనే, ఆ గడి కింద మాత్రమే, తెలుగులో ఒక ఎర్ర ముక్క వస్తుంది. బావ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఊరు, పుట్టిన తేదీ, అన్నీ ఒక్కొక్క అక్షరం నొక్కుతూ రాశాడు. బ్లడ్ గ్రూపు వదిలేశాడు. 'బ్లడ్ గ్రూపు రాయండి' అని ఎర్రగా వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయి, రోహిణి ముఖం చూసి, రాశాడు. ఎర్రది పోయింది.

"ఓసి నీ దుంప తెగ! ఎర్రగా వత్తే మనమే దిద్దుకోవాలన్నమాట. ఇంతేనేటి!" అని నవ్వాడు. గేటు నుంచి తిరిగొచ్చాక ఆయన నవ్వడం అదే మొదలని అక్క ముఖం చెప్పింది. ఆ హుషారులోనే, రోహిణి ఆపేలోగా, చివరి బొత్తాం నొక్కేశాడు.

బొత్తాం కింద ఎర్రగా ఒక వరస వచ్చింది. కళ్లజోడు సర్దుకుని పైకే చదివాడు. "గడువు ముగిసింది."

భయపడలేదు. కొత్తగా నేర్చుకున్నాడు కదా. పేజీ మళ్లీ పైకి జరిపి, ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి చూసుకుంటూ కిందిదాకా వచ్చాడు.

"అన్నీ బాగానే రాసినాను. ఇది పోవాలంటే ఏటి దిద్దాల తల్లీ?"

రోహిణి నా వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను. బావ వేలు అలాగే పెట్టుకుని, పిల్ల చెబుతుందని ఎదురు చూస్తున్నాడు.