రెండో దెబ్బకు పేలే తూటాలు

పోయిన ఆదివారం గ్వెల్ఫ్ ఊరి శివార్లలో ఉన్న మా షూటింగ్ క్లబ్బుకు వెళ్లాను. వెళ్లాలని ఉండి కాదు, సభ్యత్వం నిలబడాలంటే అప్పుడప్పుడు మొహం చూపించాలి కాబట్టి వెళ్లాను. చేతి తుపాకులు కొత్తగా కొనడం, ఒకరి నుంచి ఇంకొకరికి మారడం ఈ దేశంలో ఆగిపోయాక రివాల్వర్ల వరసలో కొత్త మొహమే కనబడదు. మోకాళ్ల నొప్పులూ, వినికిడి మిషన్లూ ఉన్న మా బోటి ముసలాళ్లమే మిగిలాం. పక్కన నిలబడ్డ పెద్దాయన ట్రిగ్గర్ నొక్కితే ఢామ్మనాల్సిన తుపాకీ టిక్కుమని ఊరుకుంది. ఆయన విసుక్కుంటూ తూటాలుండే సిలిండర్ తెరిచాడు. నేను మాత్రం ఆ చప్పుడు వినగానే నా తుపాకీ పెట్టెలో పెట్టేసి, అక్కడే కుర్చీలో కూర్చున్నాను. ఎందుకంటే ఒక వేసవి అంతా నేను ఆ టిక్కు వెనకాలే తిరిగాను.

ఈ సరదా నాకు అంటించింది మా తోడల్లుడు. మా మరదలి మొగుడు, నాకన్నా చిన్నవాడు, ఏజాక్స్‌లో ఉంటాడు. ఆఫీసులో ఎవరో ఒకసారి తుపాకులు కాల్చే రేంజికి తీసుకెళ్తే తిరిగొచ్చి, "అన్నయ్యగారూ, ఒక్కసారి రండి, తలలో రొదంతా ఆగిపోతుంది" అని నన్నూ లాక్కెళ్లాడు. మన వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు, ఈ చలిదేశంలో పిల్లలు పెద్దవాళ్లయ్యాక శనాదివారాలు ఎంత పొడుగ్గా ఉంటాయో. లైసెన్సులు, తాళాల పెట్టెలు, పర్మిట్లు అన్నీ అయ్యాక ఇద్దరం చెరో రివాల్వర్ కొనుక్కుని చిన్న చిన్న పోటీలకు తయారయ్యాం. నేను కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో టూల్‌రూమ్ మనిషిని కనక తుపాకుల స్క్రూలూ స్ప్రింగులూ నావి. వాడేసిన ఇత్తడి తొడుగుల్ని ఏరుకొచ్చి, కడిగి, మళ్లీ మందు నింపి తూటాలు చెయ్యడం ఆయనది. ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం, నాది ఇనుములో తప్పులు పట్టడం. ఇద్దరం ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టేవాళ్లం కాదు. తోడల్లుళ్ల మర్యాద అటువంటిది. అత్తవారింట్లో ఒకే వరసలో భోజనాలకు కూర్చున్నప్పటి నుంచి వచ్చిన జాగ్రత్త, ఎదుటివాడి విస్తట్లో ఏముందో చూసీ చూడనట్టు ఉండడం.

ఆ వసంతంలో ఒక రోజు కారులో ఇద్దరమే ఉన్నప్పుడు ఆయన మామూలు మాటలా చెప్పాడు. షుగరు కళ్లకు దిగిందట, కంట్లో ఇంజెక్షన్లు వేస్తున్నారట, వచ్చే ఏడు ఎలా ఉంటుందో డాక్టరు మాట ఇవ్వలేదట. మా మరదలికి ఇంకా పూర్తిగా చెప్పలేదట. "వేసవి చివర పెద్ద పోటీ ఒక్కటి మొదటినుంచి చివరిదాకా శుభ్రంగా ఆడేస్తే చాలు అన్నయ్యగారూ, తర్వాత ఏమైతే అదే అవుతుంది" అన్నాడు. నేను రోడ్డు వైపు చూస్తూ సరేనన్నాను.

ఆయన వేళ్లలో కూడా బలం తగ్గింది. అందుకని ఆయన రివాల్వర్‌లో స్ప్రింగు మెత్తగా చేశాను. స్ప్రింగు మెత్తనైతే ట్రిగ్గర్ తేలిగ్గా కదులుతుంది, కాని తూటా మీద పడే హామర్ దెబ్బలోనూ జోరు తగ్గుతుంది. తూటా అడుగున బొట్టుబిళ్లంత ప్రైమర్ ఉంటుంది. దెబ్బ దాని మీద గట్టిగా పడితేనే మందు అంటుకుంటుంది. అదంతా లెక్క చూసుకునే చేశాను. అయినా ఆ వేసవి మొదటి పోటీలోనే ఆయన తుపాకీ టిక్కుమంది. ఆరింట్లో ఒకటి, ఒక్కోసారి రెండు. విచిత్రమేమిటంటే పేలని తూటానే సిలిండర్ తిరిగి మళ్లీ హామర్ కిందికి వస్తే రెండో దెబ్బకు భేషుగ్గా పేలేది.

అవే తూటాలు నా తుపాకీలో ఒక్కటీ తప్పేవి కావు. నా దాంట్లో స్ప్రింగు ముట్టుకోలేదు, అది మొండిఘటం. ఇంకేముంది, జబ్బు ఆయన తుపాకీదే, అంటే నా పనిదే అని తేలిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. "స్ప్రింగు చూద్దామా మరి?" అని మాత్రం మెల్లిగా అడిగేవాడు. ఆ మెల్లిదనానికే నాకు ఒళ్లు మండేది. విప్పాను, బిగించాను, ప్రైమర్‌ను పొడిచే ఫైరింగ్ పిన్ను మార్చాను, సిలిండర్ సందు కొలిచాను. స్ప్రింగు గట్టి చేస్తే తూటాలు పేలేవి, కాని సగం ఆట అయ్యేసరికి ఆయన వేలు వణికిపోయేది. మెత్తన చేస్తే వేలు బాగుండేది, తుపాకీ టిక్కుమనేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒకసారి, బజారులో దొరికే ఫ్యాక్టరీ తూటాలు ఒక పెట్టె కొని చూద్దామా అన్నాను. ఏ పనివాడైనా మొదటే చెయ్యాల్సిన పరీక్ష అది. ఆయన మొహం చిన్నబోయింది. "ఇంట్లో ఆవకాయ పెట్టుకుని బజారు సీసా కొంటామా అన్నయ్యగారూ" అని నవ్వేశాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. నిజానికి ఆయన తూటాల మీద అనుమానపడటానికి ఎవరికీ మనసొప్పదు. అంత మెరుపు! క్లబ్బులో దొరలు చేతిలోకి తీసుకుని మరీ చూసేవారు. అంతకుముందు తొడుగులు శుభ్రం చెయ్యడానికి బేస్‌మెంట్‌లో గడగడలాడే మిషనొకటి ఉండేది. వాళ్లమ్మాయి ఇంటి నుంచే ఉద్యోగం మొదలెట్టాక, "డాడ్, ఐ కాన్ట్ వర్క్ లైక్ దిస్!" అని పైనుంచి కేకేస్తే ఆయన దాన్ని మూలన పడేసి, మన పద్ధతిలోకి దిగాడు. ఇత్తడి అంటే మనకు ఇంకేముంది, చింతపండు! దేవుడి కుందులు తోమినట్టే బకెట్టులో నానేసి, పిసికి, కడిగి, ఎండకు ఆరబోసేవాడు. నేను కూడా శభాష్ అన్నాను.

పెద్ద పోటీ వచ్చింది. స్ప్రింగు మధ్యస్థంగా పెట్టి పంపాను. మొదటి రెండు వరసలూ చక్కగా ఆడాడు, ఒక్కటీ తప్పలేదు, నాకు గుండె తేలికపడింది. మూడో వరసలో పడగొట్టాల్సిన ఇనప పలకలు. టిక్. సర్దుకుని కొట్టాడు. టిక్. గడియారం నడుస్తూనే ఉంది. ఆయన చేతులు దించేసి నిలబడిపోయాడు. అందరూ చూస్తున్నారు. ఆయన నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే బాగుండేదేమో. నాలుగొందల ఒకటో హైవే మీద ఇంటిదాకా రేడియోలో ట్రాఫిక్ వార్తలు వింటూ వచ్చాం. ఆయన్ని దింపినప్పుడు మా మరదలు గుమ్మంలోకి వచ్చి, "కాఫీ తాగి వెళ్లండి బావగారూ" అంది. నేను దిగకుండా వచ్చేశాను.

ఆ వారంలోనే మిగిలిపోయిన తూటాలు నా సంచిలో కనబడ్డాయి. ఊరికే ఒకటి తీసి అడుగున బొటనవేలుతో రాశాను. ప్రైమర్ వేలికి తగిలింది. తగలకూడదు, అది అంచుకు లోపలికి కూర్చోవాలి. ఇంకోటి రాశాను, బాగుంది. ఇంకోటి, మళ్లీ తగిలింది. పేలిన తొడుగొకటి తీసుకుని ప్రైమర్ ఊడదీసి చూస్తే, అది కూర్చునే బుల్లి గుంటలో గోధుమరంగు పెచ్చు. గోకితే పొడి రాలింది. చింతపండు పిప్పి! గుంటలో ఎండిపోయి ప్రైమర్‌ను పూర్తిగా దిగనియ్యలేదు. మొదటి దెబ్బంతా దాన్ని లోపలికి దించడానికే సరిపోయేది, రెండో దెబ్బకు పేలేది. నా తుపాకీలో మొండి స్ప్రింగు ఒకే దెబ్బతో రెండు పనులూ చేసేసేది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే మరి.

ఫోన్ చేసి చెబితే మొదట పడీపడీ నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. తర్వాత, "ప్రతి తూటా అడుగూ నేను వేలితో తడిమి చూసే పెట్టెలో పెట్టానన్నయ్యగారూ. నాకు ఒక్కటీ తగల్లేదు" అన్నాడు. షుగరు ఆ వేళ్లలో స్పర్శ కూడా తినేసిందని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

మంచు పడకముందు ఒక పొద్దున ఇద్దరమే రేంజికి వెళ్లాం. గుంటలు శుభ్రంగా గీకి, ప్రతిదీ నేను తడిమి చూసిన తూటాలు. స్ప్రింగు ఆయన వేలికి సరిపడా మెత్తన. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. పెట్టె అయిపోయేదాకా కాల్చాడు, తుపాకీ గడియారంలా నడిచింది. నాకు ఒళ్లు పులకరించింది. ఆయన తుపాకీ ఖాళీచేసి బల్లమీద పెట్టి, చెవుల మీది కప్పులు తీసి, ఎదురుగా ఉన్న గురి అట్ట వైపు కాక నా వైపు తిరిగి, "ఎక్కడ తగిలాయి అన్నయ్యగారూ?" అని అడిగాడు.

అట్ట ఏమంత దూరంలో లేదు.

తర్వాత ఆయన రేంజికి రాలేదు. ఇప్పుడు ఏజాక్స్‌లోనే ఉన్నాడు, మనిషి నీడ పోల్చగలడు. ఆ రివాల్వర్ వాళ్లింట్లో తాళం వేసిన పెట్టెలో ఉంది. నేను తీసుకుందామన్నా చట్టం ఒప్పుకోదు. ఈ రోజుల్లో రైఫిళ్ల వరసలో కుర్రాళ్లు, టిక్కుమంటే ఫోన్‌లో వీడియో చూసి అరగంటలో తప్పు పట్టేస్తున్నారు, ఎవరి మొహం చిన్నబోతుందోనన్న బెంగ ఎవరికీ లేదు. వాళ్లదే మంచి పద్ధతి. అడిగెయ్యాలి, అనెయ్యాలి, పోట్లాడెయ్యాలి. మేం మర్యాదస్థులం కదా. ఆయన కళ్లు పనిచేసిన ఆఖరి వేసవిని ఇద్దరం కలిసి, ఒకరినొకరు నొప్పించకుండా, జాగ్రత్తగా పాడుచేసుకున్నాం.