వరాహ నీళ్ళ మందు

నర్సీపట్నంలో మా మిషన్ ఆస్పత్రికి వచ్చి, ల్యాబులో పనిచేసే కృపామణి చేత చీవాట్లు తినకుండా ఇంటికి పోయినవాళ్ళు తక్కువ. "నీళ్ళు మరగబెట్టి తాగుతున్నారా?" అన్నదే ఆమె మొదటి మాట. జవాబు తడబడితే ఇక అంతే సంగతులు. మందుల గదిలో కాంపౌండరుగా ఉన్న నన్నూ వదిలేది కాదు. "తోమా గారూ, మీ కూజాకి మూత ఏదండీ?" అని గదిమేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆమె మాట తు.చ. తప్పకుండా విన్నది మాత్రం వాళ్ళమ్మ కరుణకుమారి గారే. ఆ ఇంట్లో మరగని నీళ్ళు ఎవరి గొంతూ దిగేవి కావు.

అలాంటి ఇంటి పిల్లకే వచ్చింది జబ్బు. ఎనభై నాలుగు ఎండాకాలంలో రక్త విరేచనాలు ఊళ్ళకు ఊళ్ళనే మంచాన పడేశాయి. ఏ మాత్రా పనిచేయలేదు. కొయ్యూరు నుంచి జీపుల్లో దించినవాళ్ళను వరండాలో పడుకోబెట్టాం. కృపామణి కూతురు లీలకి నాలుగేళ్ళు. పక్కింటి పిల్లలతో కలిసి ఎక్కడో ఐసుముక్క చప్పరించిందట. భర్త పోయాక కృపామణికి మిగిలింది ఆ పిల్లే. సెలైను ఎక్కుతూనే ఉంది, పిల్ల ఎండిపోతూనే ఉంది.

డాక్టరు గారు చేతులెత్తేశారు. "పూర్వం కలరాకి ఫేజ్ అని ఒకటి ఇచ్చేవారమ్మా. బాక్టీరియాని చంపే వైరసు. జబ్బులున్న చోట నదుల్లోనే ఉంటుందంటారు" అన్నారు, ఏదో ఒకటి అనాలి కనుక. కృపామణి సీసా పట్టుకుని బలిఘట్టం దగ్గర వరాహ నదికి పరుగెత్తింది.

ఆ నీళ్ళను లీల జబ్బు బాక్టీరియాతో కలిపి ఉంచి, సన్నటి ఫిల్టరులో వడగట్టింది. మర్నాడు గాజు పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. పళ్ళెమంతా బాక్టీరియా మసకగా పెరిగింది. ఆమె మందు చుక్క వేసిన చోట మాత్రం శుభ్రంగా ఖాళీ.

"చచ్చాయండీ, తోమా గారూ!" అంది. కళ్ళనిండా నీళ్ళు. "ఈ ఫేజ్‌కి తల, తోక, కాళ్ళు ఉంటాయి. బాక్టీరియా మీద వాలి కాళ్ళతో పట్టుకుంటుంది. తోక చుట్టూ ఉన్న ఒర ముడుచుకోగానే లోపలి గొట్టం గోడలోకి దిగుతుంది. తలలో ఉన్న డీఎన్‌ఏ ఆ గొట్టంలోంచి లోపలికి పోతుంది. మన సిరంజి లాగే, ఒళ్ళు బయటే ఉండిపోతుంది. లోపలికెళ్ళిన డీఎన్‌ఏ పెత్తనం చేసి తనలాంటివాటిని పుట్టిస్తుంది. ఆఖరికి బాక్టీరియా పగిలిపోతుంది."

"ఆ సిరంజే పాడైతే?"

"ఇంకేముందండీ, డీఎన్‌ఏ నీళ్ళపాలే. అది ఒట్టినే లోపలికి దూరలేదు."

డాక్టరు గారు పళ్ళెం చూసి, "ఇవ్వమ్మా, ఇంకేం మిగిలింది" అన్నారు. కృపామణి సీసా తల్లి చేతిలో పెట్టింది. "వరాహ నీళ్ళలోంచి తీసిన మందమ్మా. గంటకో చెంచా పట్టు" అంది. అంతలో ల్యాబు నుంచి పిలుపొచ్చింది. వరండా నిండా జనం, పరీక్షలు చేసేది ఆమె ఒక్కతే. వెళ్ళక తప్పలేదు.

మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చేసరికి నేనూ వార్డులోనే ఉన్నాను. సీసా కడిగి బోర్లించి ఉంది. పక్కన మూత పెట్టిన గిన్నె.

"మందేదమ్మా?"

"గిన్నెలో ఉందే. నాలుగు సెంచాలు పట్టీసినాను. వంటపాకలో పొయ్యి మీద బాగా తెర్లించీసినాను మణీ. నదిలో నీరు కదేటే, పచ్చిగా గుంట నోట్లో ఎలా పోత్తాను?"

కృపామణి గిన్నె మూత తీసి చూసింది. మళ్ళీ పెట్టేసింది. వంగి తల్లి నుదుటి చెమట కొంగుతో తుడిచి, సీసా పట్టుకుని ల్యాబు వైపు పరుగు తీసింది. మరిగిన మందులో ఆ సిరంజిలేవీ మిగలవు. మళ్ళీ తయారు కావాలంటే మర్నాటిదాకా ఆగాలి. లీల ఆగలేదు. పొద్దుగూకకుండానే పోయింది.

అసలైన మందు పట్టినా బతికేదో లేదో చెప్పలేమన్నారు డాక్టరు గారు. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు, ఇప్పటికీ కాదు.

సమాధి మీద మట్టి వేశాక కరుణకుమారి గారు కూతురి చెయ్యి పట్టుకున్నారు. "అంత మరగబెట్టి పట్టినాను కదే. నేనేటి తప్పు సేసినాను మణీ?"

కృపామణి నా వైపు చూడలేదు.

"ఏ తప్పూ సెయ్యలేదమ్మా" అంది. "నేను నేర్పినట్టే సేసినావు."