రిజర్వుడు మనిషి

మొన్న ఆదివారం మా మేనల్లుడు బలవంతపెట్టి నన్ను అరకులో పెద్ద హోటల్‌కి భోజనానికి తీసుకెళ్ళాడు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబోతే, అక్కడ పనిచేసే అమ్మాయి గబగబా వచ్చి దాని మీదున్న చిన్న పలక చూపించింది. ‘రిజర్వ్‌డ్’ అని ఉంది. ఇంగ్లీషు చెప్పి చెప్పి జుట్టు నెరిసినదాన్ని, ఆ మాట నాకు తెలియదా! అయినా దాన్ని చూస్తే ముందు ఒళ్ళు మండుతుంది, తర్వాత ఒక పిల్ల గుర్తొస్తుంది. “ఇంకోటి చూద్దాంలే అత్తా” అన్నాడు మేనల్లుడు. ఇంకో బల్ల దగ్గర కూర్చున్నాం గానీ నా చూపు దాని మీంచి కదల్లేదు.

ఈ హోటల్ కొత్తగా కడుతున్న రోజుల్లో, రిటైరై ఊరికే కూర్చోలేక, మా చర్చి హాల్లో సాయంత్రాలు డిగ్రీ పాసైన ఆడపిల్లలకి ఇంగ్లీషు చెప్పేదాన్ని. వానాకాలం. రేకుల కప్పు మీద వాన మొదలైతే నా గొంతు నాకే వినబడేది కాదు. చెమ్మకి బోర్డు మీద సుద్దముక్క పట్టేది కాదు. మూలన ఆరబెట్టిన గొడుగుల కిందనుంచి నీళ్ళు పాయలు కట్టేవి, పిల్లల బట్టల్లోంచి కట్టెల పొగ వాసన వచ్చేది. గ్రామరు కొంత వచ్చినవాళ్ళే. కానీ హోటల్ వాళ్ళు ఇంటర్వ్యూలో “నీ గురించి చెప్పు” అంటారట. అందుకని మనుషుల గుణాలు చెప్పే మాటలు మొదలుపెట్టాను. ఫ్రెండ్లీ, స్టబర్న్, జెనరస్. ఒక్కొక్కరూ ఇంట్లో ఒకరి గురించి చెప్పాలి. సంతవీధిలో కొట్టు నడిపేవాళ్ళ కోడలు లేచి, “మై మదరిన్‌లా ఈజ్ వెరీ జెనరస్” అంది. సంతోషించేలోగా, “పని చెప్పడంలో మేడమ్” అని ముగించింది. ఆ నవ్వులకి వాన చప్పుడు కూడా వినబడలేదు.

నవ్వనిది ఒక్క పిల్లే. ముంచింగిపుట్టు అవతల కొండమీది ఊరు వాళ్ళది. అరకులో పిన్ని ఇంట్లో ఉండేది. ఈ హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం వస్తే ఇక్కడే ఉండిపోవచ్చు, వారం వారం సంతకొచ్చే తండ్రిని చూసుకోవచ్చు. రాకపోతే సముద్రం ఒడ్డున రొయ్యల కంపెనీకి ఆడపిల్లల్ని తీసుకెళ్ళే మేస్త్రీ వ్యాను ఎక్కాలి. వాళ్ళ అయ్య అతనికి అప్పటికే మాట ఇచ్చేశాడు. అందుకే ఆ పిల్ల అందరికన్నా ముందొచ్చి బోర్డు తుడిచేది.

ఆ రోజు ‘రిజర్వ్‌డ్’ అనే మాట రాసి, మనసులో ఉన్నది బయటపెట్టని మనిషి అని చెప్పాను. ఆ పిల్ల చెయ్యెత్తింది.

“రిజర్వంటే నాకు తెలుసు మేడమ్. ఫారెస్టోళ్ళొచ్చి రాళ్ళు పాతుతారు. ఇంక అందులోకి ఎవుళూ ఎల్లకూడదు.”

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వి, “అది అడవమ్మా, ఇది మనిషి” అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు.

“అయితే మా అయ్య రిజర్వుడే మేడమ్. మా పోడు సెక్కలో రాళ్ళు పాతినకాణ్ణించి మాటాడ్డం మానీసినాడు.”

తాతలనాటి నుంచి కొండవాలులో చోళ్ళు పండించుకున్న నేల చెక్క అది. “కరెక్టే, కూర్చో” అన్నాను.

ఇంటర్వ్యూకి ‘ఐయామ్ ఫ్రెండ్లీ అండ్ కాన్ఫిడెంట్’ అని అందరిచేతా వల్లె వేయించాను. ఇంటర్వ్యూ అయ్యాక ఆ పిల్ల తిన్నగా మా ఇంటికే వచ్చింది. వరండాలో గోడవారన కూర్చుంది. కాఫీ ఇస్తే గ్లాసు రెండు చేతులా పట్టుకుంది గానీ తాగలేదు.

“ఏటయింది?” అన్నాను. పిల్లలతో ఉండి ఉండి నాకూ ఆ యాసే వచ్చేసింది.

“ఫ్రెండ్లీ అనే అందామనుకున్నాను మేడమ్. కానీ అంతమందిని సూత్తే అబద్దం రానేదు. ఐయామ్ రిజర్వ్‌డ్ అనేసినాను. ఆ సారు నవ్వి, ప్రైవేటులో రిజర్వేషన్ లేదమ్మా అన్నాడు. పక్కనున్నోళ్ళందరూ నవ్వినారు.”

“నువ్వేమన్నావు?”

“నానేటీ అన్నేదు మేడమ్. రిజర్వుడు కదా.”

నాకు ముక్కుమీద కోపం. చెప్పులేసుకుని లేచాను, వాడి సంగతేంటో చూద్దామని. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. “ఒద్దు మేడమ్. మల్లీ నవ్వుతారు” అంది. చెప్పులు విడిచి పక్కనే కూర్చున్నాను. వాన వెలిసేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

ఆ వారం సంతరోజునే మేస్త్రీ వ్యాను వచ్చింది. సంచీలూ, దుప్పట్లూ, దిగులు మొహాల ఆడపిల్లలూ. వాళ్ళ అయ్య కూతురి సంచీ లోపల పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. “బేగి వచ్చీమ్మా” అనైనా అంటాడేమోనని చూశాను. అనలేదు. మొదట్లో ఆ పిల్ల నాకు ఫోన్ చేసేది. ఐసులో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు తిమ్మిరెక్కిపోతున్నాయంది ఒకసారి. తర్వాత్తర్వాత ఎలా ఉన్నావంటే “ఫైన్ మేడమ్” అనడం, అవతల గాలి చప్పుడు. ఇప్పుడు అదీ లేదు. వాళ్ళ అయ్య మాత్రం సంతకొచ్చినప్పుడల్లా మా వరండాలో కాసేపు కూర్చుంటాడు. మీ గుంట ఫోన్ చేసిందా అని అడుగుతాను. అడ్డంగా తలూపుతాడు. కాఫీ తాగి గ్లాసు కడిగి, బోర్లించి వెళ్ళిపోతాడు.

మేనల్లుడు బిల్లు కట్టి వచ్చాడు. రిసెప్షన్లో ఎవరో అమ్మాయి చక్కటి ఇంగ్లీషులో మళ్ళీ రమ్మంది. గుమ్మం దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూశాను. మేం తిని లేచేదాకా ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. ఎవరికోసమో ఒక చోటు అట్టేపెట్టి ఉంచుతాం, వాళ్ళు రాకుండానే వేళ దాటిపోతుంది.